ఏడుపు పాటకి అంత వేగం ఎందుకు? టియర్స్ ఫర్ ఫియర్స్ మొదటి ఆల్బమ్ 'ది హర్టింగ్' గురించి

వానాకాలం (విశాఖ):
అందరికీ నమస్కారం. నెల రోజులుగా ఒక్క పాట దగ్గరే ఆగిపోయాను. 'డానీ డార్కో' సినిమా చూశాను, చివర్లో వచ్చే 'మ్యాడ్ వరల్డ్' విన్నాక ఆ రాత్రి పడుకున్నా ఆ పియానో చెవుల్లోంచి పోలేదు. అది గ్యారీ జూల్స్, మైఖేల్ ఆండ్రూస్ చేసిందనీ, అసలు పాట 1982లో టియర్స్ ఫర్ ఫియర్స్ అనే బ్రిటిష్ బ్యాండ్ చేసిందనీ తర్వాత తెలిసింది. వెతికి పెట్టుకుంటే గుండె ఒక్కసారి గతుక్కుమంది. ఇంత బాధ ఉన్న పాటకి డ్రమ్ మెషీన్, సింథసైజర్, కాలు కదిలించే బీట్! మొదటిసారి నచ్చలేదు, నాలుగోసారికి అదే ఎక్కువ నచ్చింది, ఎందుకో నాకే తెలియడం లేదు. ఈ పాట ఉన్న ఆల్బమ్ 'ది హర్టింగ్' మొత్తం వినాలా? ఎక్కడ మొదలుపెట్టాలి? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

క్యాసెట్ కాలం (సికింద్రాబాద్):
తమ్ముడూ, వినాలా అని అడగొద్దు, ఇవాళే విను. పది పాటలు, నలభై నిమిషాలు దాటి కాస్త. 1983 మార్చి 7న వచ్చింది. రోలండ్ ఓర్జబాల్, కర్ట్ స్మిత్, ఇద్దరిదీ అప్పటికి 21 ఏళ్ళ వయసు. అంతకుముందు ఇద్దరూ గ్రాడ్యుయేట్ అనే బ్యాండ్‌లో ఉండేవాళ్ళు, అది నిలబడలేదు. అప్పుడు ఇయన్ స్టాన్లీ అనే కుర్రాడు తన ఇంట్లో ఉన్న రికార్డింగ్ సామాను వాడుకోమన్నాడు, అతనే తర్వాత వీళ్ళ కీబోర్డిస్టు అయ్యాడు. డ్రమ్స్ మానీ ఇలయాస్. పాటలన్నీ రోలండ్‌వి, వాటిలో కొన్ని పాడింది కర్ట్.

నా దగ్గరికి ఇది ఎలా వచ్చిందో చెప్తాను. లండన్ నుంచి సెలవులకి వచ్చిన మా పెదనాన్న కొడుకు తెచ్చిన క్యాసెట్ నుంచి ఒక ఖాళీ క్యాసెట్ మీదకి ఎక్కించుకున్నాను. పాటల పేర్లు పెన్సిల్‌తో రాసుకున్నాను. నాకు అప్పుడు ఇంగ్లీషు పాట సగం కూడా అర్థమయ్యేది కాదు, కానీ 'మెమరీస్ ఫేడ్' దగ్గర రోలండ్ గొంతు పైకి లేచినప్పుడు ఇతను ఏదో పోగొట్టుకున్నాడని మాత్రం తెలిసేది. అర్థం తెలియకపోయినా అంతవరకు చేరిందంటే అది మామూలు పాడటం కాదు.

ఇంకొకటి, అట్ట మీద బొమ్మ చూడు. తెల్లటి ఖాళీలో ఒక చిన్న పిల్లాడు తల చేతుల్లో పెట్టుకుని కూర్చుని ఉంటాడు. ఆల్బమ్ మొత్తం ఆ పిల్లాడి గురించే.

మోగే తీగ (హైదరాబాద్):
వేగం సంగతి నేను చెప్తాను, నాకు కీబోర్డే బతుకుతెరువు కాబట్టి.

ఈ పాట పుట్టింది అకూస్టిక్ గిటార్ మీద. రోలండ్ అప్పుడు ఇంగ్లండులోని బాత్ ఊళ్ళో ఒక పిజ్జా షాపు పైన ఉన్న ఫ్లాట్‌లో ఉండేవాడు, చేతిలో పని లేదు. కిటికీలోంచి కింద సూటు బూటు వేసుకుని పనికి పోయి వచ్చే జనాన్ని చూస్తూ రాశాడు. ఆ రోజుల్లో మోగిపోతున్న డ్యురాన్ డ్యురాన్ బ్యాండ్ పాట 'గర్ల్స్ ఆన్ ఫిల్మ్' లాంటిది చేద్దామని కూర్చుంటే ఇది వచ్చిందని ఆయనే చెప్పాడు. అంటే డాన్స్ పాట చేయాలన్న కోరిక మొదటి నుంచే ఉంది. గిటార్ మీద తను పాడుకుంటే కుదరలేదు, కర్ట్‌ని పాడమన్నాడు. కర్ట్ గొంతు మెత్తగా ఉంటుంది, ఏడవదు, ఉన్నది ఉన్నట్టు చెప్పేసి ఊరుకుంటుంది. కింద యంత్రంలా ఆగని దరువు, పైన ఏ భావమూ పైకి చూపించని గొంతు. రోజూ ఒకేలా నడిచే ఊరిని, అందులో ఎవరికీ కనపడని మనిషిని ఒకేసారి వినిపిస్తున్నారు. నెమ్మదిగా పాడితే ఆ మనిషి ఒక్కడే మిగులుతాడు, ఊరు పోతుంది. నీకు నాలుగోసారికి నచ్చింది ఆ ఊరే అని నా ఊహ.

ఇప్పుడు మన సంగీతం వైపు నుంచి ఒక మాట. పాటంతా నాలుగు కార్డుల (కలిపి ఒకేసారి మోగించే స్వరాల గుంపుల) మీద నడుస్తుంది: ఎఫ్ షార్ప్ మైనర్, ఎ, ఇ, బి. ఎఫ్ షార్ప్‌ని షడ్జమం అనుకుంటే, చివరి బి మేజర్‌లో వచ్చే డి షార్ప్ మనకి చతుశ్రుతి ధైవతం అవుతుంది. మామూలు మైనర్ స్కేలయితే అక్కడ శుద్ధ ధైవతం పడాలి, అది నఠభైరవి రాగం. ఇక్కడ ధైవతం ఒక మెట్టు పైకి జరగడంతో స్వరాలు ఖరహరప్రియ రాగానివి అయ్యాయి. రాగం పాడారని అనడం లేదు, స్వరాల లెక్క మాత్రమే. అయినా ఆ ఒక్క స్వరం వల్ల పాట పూర్తిగా చీకట్లో పడిపోకుండా ఎక్కడో ఒక కిటికీ తెరిచి ఉన్నట్టు ఉంటుంది. హార్మోనియం ఉన్నవాళ్ళు ఆ కార్డు దగ్గర ధైవతం మార్చి వాయించి చూడండి, పాట చచ్చిపోతుంది.

నిక్కచ్చి (విజయవాడ):
అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నా అభిప్రాయం కూడా ఉండనివ్వండి. నేను ఈ బ్యాండ్‌ని ఇష్టపడేవాణ్ణే. కానీ వీళ్ళ అసలు ఆల్బమ్ 1985లో వచ్చిన 'సాంగ్స్ ఫ్రమ్ ది బిగ్ చైర్'. 'ది హర్టింగ్' ఒకే రంగు వేసిన గోడలా ఉంటుంది. టైటిల్ పాట బాధ, 'సఫర్ ది చిల్డ్రన్' బాధ, 'వాచ్ మీ బ్లీడ్' బాధ, 'ది ప్రిజనర్' అయితే అరుపులు. ఇరవై ఏళ్ళు దాటిన ఇద్దరు కుర్రాళ్ళు తల్లిదండ్రుల మీద పది పాటలు ఫిర్యాదు చేస్తుంటే నాకు రెండో వైపుకి వచ్చేసరికి ఊపిరాడదు. ఆ తల్లిదండ్రులు కూడా ఏదో కష్టంలో ఉండి ఉంటారు కదా. ఆ మాట ఒక్క పాటలోనైనా ఉందా? అమెరికా అమ్మకాల పట్టికలో ఈ ఆల్బమ్ 73వ స్థానం దాటలేదు, రెండోది మొదటి స్థానానికి చేరింది. జనానికి తెలుసు.

క్యాసెట్ కాలం:
నిక్కచ్చి గారూ, అమెరికా లెక్క మీరు చెప్పింది నిజమే. మరి వాళ్ళ సొంత దేశం లెక్క కూడా చెప్పండి. బ్రిటన్‌లో ఈ ఆల్బమ్ మొదటి స్థానానికి వెళ్ళింది, మూడు వారాల్లో గోల్డ్ (అమ్మకాలకి ఇచ్చే గుర్తింపు) అయింది. 'మ్యాడ్ వరల్డ్' మూడో స్థానం, 'చేంజ్' నాలుగు, 'పేల్ షెల్టర్' అయిదు. ఇంత బాధ ఉన్న పాటల్ని అక్కడి పిల్లలు డబ్బు పెట్టి కొనుక్కున్నారంటే అది వాళ్ళ సొంత మాట అయి ఉండాలి.

ఏవన్ తీరం (బ్రిస్టల్):
నేను పదకొండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను, బాత్‌కి రైల్లో పావుగంట. మొదట వెళ్ళినప్పుడు ఊరంతా తేనె రంగు రాయితో కట్టిన భవనాలు చూసి, ఇంత అందమైన చోట పెరిగినవాళ్ళకి ఈ పాటలు ఎలా వచ్చాయా అనుకున్నాను. తర్వాత తెలిసింది, కర్ట్ పెరిగింది పర్యాటకులు చూసే వైపు కాదు, స్నో హిల్ అనే చోట కౌన్సిల్ ఇళ్ళలో. కౌన్సిల్ ఇళ్ళంటే స్థానిక ప్రభుత్వం తక్కువ అద్దెకి ఇచ్చేవి. ఇద్దరి ఇళ్ళలోనూ తల్లిదండ్రులు విడిపోయారు, ఇద్దరూ ముగ్గురు అన్నదమ్ముల్లో నడిమివాళ్ళు. ఒక ఆదివారం ఆ కొండ ఎక్కి అక్కడినుంచి కిందికి చూశాను. తేనె రంగు ఊరు మొత్తం కనపడుతుంది, కానీ దూరంగా. నాకు ఆ రోజు ఆల్బమ్ వేరేగా వినపడింది.

'పేల్ షెల్టర్' పేరు గురించి కూడా రాస్తాను, తెలియనివాళ్ళు ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడుతుంటే లండన్ జనం భూగర్భ రైలు స్టేషన్లలో తలదాచుకునేవాళ్ళు. శిల్పి హెన్రీ మూర్ వాళ్ళని బొమ్మలుగా గీశాడు. ఆ బొమ్మల్లో ఒకదాని పేరు నుంచే ఈ మాట తీసుకున్నారు. ప్రాణం నిలబెట్టుకోడానికి చోటు ఉంది, వెచ్చదనం మాత్రం లేదు. ఇంట్లో అన్నీ ఉండి దగ్గరకు తీసుకునే మనిషి లేకపోతే ఎలా ఉంటుందో పాటలో అదే.

మనసు మాట (గుంటూరు):
నేను సైకాలజిస్టుని. ఈ ఆల్బమ్ వెనకున్న ఆలోచన గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

ఆర్థర్ జానోవ్ అనే అమెరికన్ 1970లో 'ది ప్రైమల్ స్క్రీమ్' అనే పుస్తకం రాశాడు. చిన్నతనంలో తీరని అవసరాలు, పడిన బాధ లోపల అణిగిపోయి ఉంటాయి, పెద్దయ్యాక మనల్ని నడిపించేది అవే, వాటిని మళ్ళీ అనుభవించి ఏడ్చి బయటికి పంపిస్తేనే మనిషి బాగుపడతాడు అన్నది ఆయన వాదం. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ ఆ చికిత్స తీసుకున్నాకే 1970లో 'ప్లాస్టిక్ ఓనో బ్యాండ్' ఆల్బమ్ చేశాడు. రోలండ్ టీనేజీలో ఆ పుస్తకం చదివి కర్ట్ చేత కూడా చదివించాడు. బ్యాండ్ పేరే జానోవ్ మాటల నుంచి వచ్చింది, భయాల బదులు కన్నీళ్ళు అని. 'ఐడియాస్ యాజ్ ఓపియేట్స్' అన్నది ఆయన ఇంకో పుస్తకం 'ప్రిజనర్స్ ఆఫ్ పెయిన్'లో ఒక అధ్యాయం పేరు. 'మ్యాడ్ వరల్డ్'లో చనిపోయే కలల గురించిన మాట వినగానే చాలామంది భయపడతారు. తీవ్రమైన కలలు లోపలి టెన్షన్‌ని బయటికి వదిలేస్తాయన్న జానోవ్ ఆలోచన అందులో ఉంది.

నా వృత్తి వైపు నుంచి నిజం చెప్పాలి. జానోవ్ చికిత్సకి, అంటే ప్రైమల్ థెరపీకి, శాస్త్రీయ ఆధారం నిలబడలేదు. అన్ని మానసిక సమస్యలకీ ఒకటే కారణం, ఒకటే మందు అన్నమాట తప్పు. రెండో ఆల్బమ్ పెద్ద హిట్టయ్యాక జానోవ్ వీళ్ళని కలిశాడు, తన సిద్ధాంతం మీద ఒక సంగీత నాటకం రాయమన్నాడు, దాంతో వీళ్ళకి ఆయన మీద ఉన్న గురి తగ్గిపోయింది. సిద్ధాంతం పోయినా ఆల్బమ్ పోలేదు. పిల్లాడి బాధకి పేరు పెట్టి గట్టిగా చెప్పడం అన్నది సిద్ధాంతంతో పనిలేని మంచి పని. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మందికి బాధ కంటే, ఆ బాధని చెప్పే మాట లేకపోవడమే పెద్ద కష్టం.

నిక్కచ్చి గారూ, తల్లిదండ్రుల కష్టం గురించి మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. కానీ పిల్లాడు మాట్లాడుతున్నప్పుడు మధ్యలో "మరి మీ అమ్మానాన్నల బాధో" అంటే వాడు మళ్ళీ నోరు విప్పడు. ముందు వాడిది పూర్తిగా వినాలి. ఈ ఆల్బమ్ వాడి వంతు.

ఒకవేళ ఈ పాటలు విని ఎవరికైనా మనసు మరీ బరువెక్కితే ఒంటరిగా ఉండొద్దు. మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఏ సమయంలోనైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

రెండో బెంచి (కరీంనగర్):
ఈ వేదికలో రెండేళ్ళుగా చదవడమే కానీ రాయలేదు. మనసు మాట మేడం రాసింది చదివాక రాయాలనిపించింది.

నేను ఇంటర్ హాస్టల్లో చదివాను. వారం వారం పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షన్ మారేది. ఏడు నెలల్లో అయిదు సెక్షన్లు మారాను. ప్రతిసారీ కొత్త గది, కొత్త ముఖాలు, నా పేరు తెలిసిన సారు ఒక్కరూ లేరు, హాల్ టికెట్ నంబరుతోనే పిలిచేవాళ్ళు. సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు మా అన్న ఫోన్లో 'మ్యాడ్ వరల్డ్' విన్నాను. రెండో చరణంలో బడికి వెళ్ళిన పిల్లాడు ఉంటాడు, చాలా బెదిరిపోయి, ఎవరికీ తెలియకుండా, టీచరు తనని చూస్తున్నా తన వెనకున్న గోడని చూస్తున్నట్టు. నేను లేచి బాత్రూమ్‌లోకి వెళ్ళి ట్యాప్ తిప్పుకుని ఏడ్చాను. ఇంగ్లండులో ఎప్పుడో ఎవరో రాసుకున్నదాంట్లో నా క్లాసు ఉంది.

నిక్కచ్చి అన్నా, నాకు అమ్మానాన్నల మీద కోపం లేదు, ఫీజు కోసం నాన్న ఎంత కష్టపడ్డాడో తెలుసు. తెలుసు కాబట్టే రెండేళ్ళు ఏమీ చెప్పలేకపోయాను. ఈ పాట నా బదులు చెప్పింది. అది ఫిర్యాదు కాదు అన్నా.

నిక్కచ్చి:
చెల్లెమ్మా, నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. ఊపిరాడదు అని నేనన్న మాట ఉంచుతాను, కానీ ఫిర్యాదు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా అబ్బాయి ఇప్పుడు హాస్టల్లోనే ఉన్నాడు. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు మార్కులు కాకుండా ఇంకేదైనా అడుగుతాను.

ఆల్బమ్ గురించి అయితే, 'ది ప్రిజనర్' బాగాలేదన్న మాటకి మాత్రం కట్టుబడి ఉన్నాను.

మోగే తీగ:
'ది ప్రిజనర్' సంగతి నేనూ ఒప్పుకుంటాను, ఆ మూడు నిమిషాల్లోపు గోలని దాటుకుని 'స్టార్ట్ ఆఫ్ ది బ్రేక్‌డౌన్'కి వెళ్ళిపోవచ్చు. కానీ ఒకే రంగు గోడ అన్నది ఒప్పుకోను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. 'చేంజ్' మరింబా (చెక్క పలకల వాయిద్యం) లాంటి చిన్న చిన్న చుక్కలతో మొదలవుతుంది. 'పేల్ షెల్టర్' అకూస్టిక్ గిటార్ గీతల మీద నడుస్తుంది, అంత సింథసైజర్ల మధ్య ఆ తీగల గరుకుదనం చర్మానికి తగిలినట్టు ఉంటుంది. 'ఐడియాస్ యాజ్ ఓపియేట్స్'లో డ్రమ్స్ దాదాపు తప్పుకుంటాయి, పియానో, ఆ తర్వాత సాక్సోఫోన్. అది వాయించింది మెల్ కాలిన్స్, కింగ్ క్రిమ్సన్ అనే బ్యాండ్‌లో వాయించినాయన. 'సఫర్ ది చిల్డ్రన్'లో చిన్నపిల్ల గొంతులా వినిపించేది రోలండ్ అప్పటి భార్య కారొలైన్ గొంతు.

నిర్మాతలు క్రిస్ హ్యూస్, రాస్ కల్లమ్. హ్యూస్ అంతకుముందు ఆడమ్ అండ్ ది యాంట్స్ అనే బ్యాండ్‌లో డ్రమ్మరు, అందుకే ఈ ఆల్బమ్‌లో దరువు ఎక్కడా పలచబడదు. 'సఫర్ ది చిల్డ్రన్' 1981లో, 'పేల్ షెల్టర్' 1982లో వేరే నిర్మాతలతో సింగిల్స్‌గా వచ్చి ఆడలేదు. ఆల్బమ్ కోసం మళ్ళీ చేశారు. అవే పాటలు, అవే మాటలు. పాత 'పేల్ షెల్టర్', కొత్తది పక్కపక్కన పెట్టి వింటే నిర్మాత ఏం చేస్తాడో నా విద్యార్థులకి వేరే పాఠం చెప్పక్కర్లేదు.

ఏవన్ తీరం:
వీడియోలు కూడా చూడండి. 'మ్యాడ్ వరల్డ్'లో కర్ట్ కిటికీ దగ్గర నిలబడి పాడుతుంటాడు, బయట రోలండ్ ఒక్కడే చేతులు విసురుతూ ఒక వింత నాట్యం చేస్తుంటాడు. నెబ్‌వర్త్ హౌస్ అనే పెద్ద భవనం దగ్గర తీశారు. పాడే పని లేదు కాబట్టి ఏదో ఒకటి చేయాలి కదా అని మొదలైన నాట్యం, కానీ నాకు కిటికీ లోపలున్నవాడి మనసు బయట తిరుగుతున్నట్టే ఉంటుంది. 'పేల్ షెల్టర్'లో వందల కాగితం విమానాలు ఎగురుతాయి, ఒకటి నిజంగానే వచ్చి రోలండ్ కంటికి తగిలింది, ఆ ముక్క తీసేయకుండా వీడియోలో ఉంచేశారు.

వానాకాలం:
అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వస్తూ మొత్తం విన్నాను, పై బెర్త్, లైట్లు ఆర్పేశారు. వరసగా విన్నాను, ఏదీ దాటెయ్యలేదు. 'మ్యాడ్ వరల్డ్' వచ్చినప్పుడు మోగే తీగ గారు చెప్పిన ఆ నాలుగో కార్డు కోసం చెవి పెట్టాను. దొరికింది. ఇప్పుడిక వినకుండా ఉండలేను.

కానీ నన్ను పట్టుకున్నది 'మెమరీస్ ఫేడ్'. జ్ఞాపకాలు మాసిపోతాయి కానీ గాయపు గుర్తులు మిగులుతాయి అన్నట్టు ఉంటుంది. మా నాన్న పోయి ఆరేళ్ళు. ఆయన గొంతు ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తుకు రావడం లేదు, ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ పాటని తుని నుంచి సామర్లకోట దాకా మళ్ళీ మళ్ళీ పెట్టుకున్నాను.

క్యాసెట్ కాలం గారూ, మీ క్యాసెట్ ఇంకా ఉందా?

క్యాసెట్ కాలం:
ఉంది తమ్ముడూ. టేపు రెండు చోట్ల తెగితే అతికించాను, 'వాచ్ మీ బ్లీడ్' మధ్యలో చిన్న ఎగురు ఉంటుంది. పెన్సిల్ రాత చెదిరిపోయింది, 'చేంజ్' అన్నది ఒక్కటే చదవడానికి వస్తోంది. హైదరాబాద్‌లో ఎన్నాళ్ళుంటావు? మా ఇల్లు స్టేషన్‌కి దగ్గరే. ఆదివారం పొద్దున వచ్చెయ్, ప్లేయర్ బాగానే పనిచేస్తోంది.